నార్వేలో పన్నెండున్నర

"ఓ నాలుగు పేజీలు రాసిపెట్టు ఇందిరా. ఆదివారం సభలో నన్ను నార్వే గురించి మాట్లాడమన్నారు."

ఇందిరాదేవి అప్పుడు పనసపొట్టు కొడుతోంది. పనసపొట్టు కొట్టడమంటే మామూలు కూర తరుగుడు కాదు. అరచేతులకీ కత్తికీ నూనె రాసుకోవాలి. అయినా జిగట వదలదు. సన్నగా కొట్టాలి, ఉడికించి నీళ్లు పిండాలి, ఆవ నూరాలి. మార్కెట్లో కొట్టిన పొట్టు దొరుకుతుంది గానీ అది ముతకగా ఉంటుందని సుబ్రహ్మణ్యం ఒప్పుకోడు. ఆమెకి స్కూలు సెలవైన రోజునే ఆయనకి పనసపొట్టు గుర్తొస్తుంది. మూడు గంటల పని, పది నిమిషాల భోజనం.

"నార్వే గురించా?" అంది తల ఎత్తకుండా.

"మరే. మన రిటైరైనవాళ్ల సంఘంలో సింగపూరూ దుబాయీ చూసొచ్చినవాళ్లు బోలెడుమంది. నార్వే మొహం చూసినవాడు ఒక్కడూ లేడు. అమ్మిరాజుగారు ప్రత్యేకంగా అడిగేరు. ముఖ్యంగా ఆ కొండల మధ్య సముద్రం, ఆ ఫియోర్డు సంగతి బాగా రావాలి."

కత్తి ఆగింది. "ఫియోర్డు నేను చూళ్లేదు కదండీ."

"చూడక్కర్లేదోయ్. ఊహించి రాసెయ్. నీకు తెలియందేవుంది, ముప్ఫయ్యేళ్లుగా పిల్లలకి చెబుతున్న పాఠవేగా!" అంటూ ఆయన పేపరు పట్టుకుని వరండాలోకి వెళ్లిపోయాడు.

ఈ మాట ఇందిరకి కొత్త కాదు. సరిగ్గా ఇదే మాట కిందటి జూన్‌లో, అమలాపురానికి ఏడువేల కిలోమీటర్ల అవతల, ఒక చిన్న వంటగది గుమ్మంలో నిలబడి ఆయన అన్నాడు. అప్పుడు ఆమె ఊరుకుంది. ఊరుకున్నందుకు ఎనిమిది నెలలుగా తనలో తనకే కుదురు లేకుండా పోయింది. బస్సులో కూర్చుంటే దిగి నడవాలనిపిస్తుంది. నడుస్తుంటే ఎక్కడో ఏదో మర్చిపోయి వచ్చినట్టు ఆగిపోతుంది. గ్యాసు కట్టేశానా, తాళం వేశానా అని వెతుక్కుంటుంది. అన్నీ సరిగ్గానే ఉంటాయి. మర్చిపోయింది అవేవీ కాదు.

సుబ్రహ్మణ్యం బ్యాంకు మేనేజరుగా చేసి రిటైరయ్యాడు. ఉద్యోగంలో ఉన్న రోజుల్లో చదివిన ప్రసంగాలూ, ఇప్పుడు సంఘంలో చదివే ప్రసంగాలూ అన్నీ ఇందిర రాసినవే. ఆయన తండ్రి పేరుమోసిన వేదపండితుడు. కొడుక్కి ఎనిమిదేళ్లు కూర్చోబెట్టి సంత చెప్పారు, అంటే తను అన్న మంత్రాన్ని కొడుకు చేత తిరిగి అనిపించడం. కొడుకు వేదం వదిలేసి కామర్సు చదువుకున్నా ఒక్క అలవాటు మాత్రం ఒంట్లో ఉండిపోయింది. ఎత్తుకున్న పాఠం మధ్యలో ఆపకూడదు. ఆపితే దోషం. చిన్నప్పుడైతే వీపు మీద దెబ్బ కూడాను. అందుకని చేతికి కాగితం ఇస్తే చాలు, ముందు ఒకసారి చూసుకోవడమన్నది లేకుండా, కంచుగంటలాంటి గొంతుతో చివరి చుక్కదాకా చదివేస్తాడు. అందరూ "అబ్బ, ఏం భాషండీ సుబ్రహ్మణ్యంగారూ!" అంటారు. ఆయన తల పంకిస్తాడు. వెనకాల ఇందిర ఉప్మా ప్లేట్లు అందరికీ అందాయో లేదో చూస్తూ ఉంటుంది.

మర్నాడు స్కూల్లో ఖాళీ పీరియడ్‌లో కాగితాలు ముందేసుకుని కూర్చుంది. కొత్తపేట దగ్గర హైస్కూల్లో ఆమె సోషల్ టీచరు. 'నార్వే ప్రకృతి సౌందర్యానికి పుట్టినిల్లు' అని రాసింది. చదివి కొట్టేసింది. పుట్టినిల్లట! పుట్టింటికి వెళ్లినా వంటింట్లోనే కదా తేలుతుంది ఆడది.

ఫియోర్డు మొదటిసారి ఆమె చూసింది ఉద్యోగంలో చేరిన ఏడాది, పాత అట్లాసులో. నలుపూ తెలుపూ బొమ్మ. అచ్చు సరిగ్గా పడక కొండ ఏదో నీరు ఏదో తెలిసేది కాదు. హిమానీనదం వేల ఏళ్లపాటు కొండల్ని కోసుకుంటూ పోతుంది పిల్లలూ, అది కోసిన లోయలోకి సముద్రం లోపలికి వచ్చేస్తుంది, దాన్నే ఫియోర్డు అంటారు. ఇలా చెబుతూ సుద్దముక్కని అడ్డంగా పట్టుకుని బోర్డు మీద రెండు కొండలు దించేది, మధ్యలో నీరు ఖాళీగా వదిలేది. ముప్ఫయ్యేళ్లలో ఎన్ని ఫియోర్డులు గీసి ఎన్ని చెరిపిందో! కొండ అంటే ఎప్పుడైనా బస్సులో పోతూ చూడటమే తప్ప, కాలవలూ కొబ్బరితోటలూ తప్ప ఎరగని నేల మీద పుట్టిన మనిషికి, కొండల మధ్యలోకి నడిచొచ్చిన సముద్రాన్ని చూడాలన్న కోరిక ఎలా పుట్టిందో ఆమెకే తెలియదు. పుట్టింది, పోలేదు. నగలు అడగలేదు, చీరలు అడగలేదు. ముప్ఫయ్యేళ్ల కాపురంలో ఆమె నోరు తెరిచి అడిగింది ఇదొక్కటే.

రాజమండ్రిలో వంశీధర్ అనే అతను నార్వేకి పదిరోజుల యాత్ర వేస్తున్నాడని తెలిసి అడిగింది. సుబ్రహ్మణ్యం రెండు రోజులు ఆలోచించి, "అక్కడ మనం తినడానికేవుంటుంది? గడ్డీ చేపలూనా? వంటిల్లున్న బసలిస్తానంటేనే వస్తాను," అన్నాడు. వంశీధర్ ఇస్తానన్నాడు. ఇందిర పొంగిపోయింది. ఆ షరతు తన మెడకే చుట్టుకుందని అప్పుడు తట్టలేదు. కందిపొడి, చింతకాయ పచ్చడి, ఇంగువ, మినప్పప్పు, చిన్న కుక్కరు, మావగారి తిథి దారిలోనే వస్తుంది కనక మడిబట్ట, దర్భలు, నువ్వులు. ఆమె పెట్టెనిండా వంటిల్లే. ఆమె స్వెట్టరుకి అందులో చోటు చాలక ఒంటిమీదే వేసుకుని విమానం ఎక్కింది. హైదరాబాదు ఎండల్లో, స్వెట్టరు వేసుకుని.

ఓస్లో నగరం గురించి రాయాలంటే ఆమెకి ముందు గుర్తొచ్చేది మోత. దిగిన మర్నాడు పొద్దున్నే చారుకి పోపు వేసింది. ఎండుమిరపకాయ కాస్త మాడింది. అంతే, కప్పులో ఎక్కడో ఉన్న పొగ గంట చెవులు చిల్లులు పడేలా మోగడం మొదలెట్టింది. ఆ భవనంలో ఉన్నవాళ్లందరూ, దుప్పట్లు కప్పుకున్న ముసలివాళ్లతో సహా మెట్లు దిగి వీధిలోకి వచ్చేశారు. అగ్నిమాపకం బండి వచ్చింది. సుబ్రహ్మణ్యం యాత్రవాళ్లందరి ముందూ నవ్వుతూ, "ముప్ఫయ్యేళ్లయింది, ఇంకా పోపు వెయ్యడం రాలేదండీ మా ఆవిడకి," అన్నాడు. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. చేతిలో ఇంకా గరిటె ఉంది. ఆ ఊళ్లో నీళ్ల ఒడ్డున తెల్లరాతి నాట్యశాల ఉందట, దాని కప్పు మీదకి జనం నడిచి ఎక్కుతారట. అందరూ ఎక్కారు. ఇందిర ఆ పూట కుక్కరు అడుగున పట్టిన మాడు వదలగొట్టి, సాయంత్రానికి పులిహోర కలిపింది. మర్నాడు రైలు ప్రయాణం కదా.

ఆ రైలు మాత్రం ఆమెది. ఓస్లో నుంచి బెర్గెన్‌కి ఏడు గంటలు. నాలుగో గంటలో రైలు ఎక్కడికో పైకి, చెట్లనేవి లేని చోటికి వచ్చేసింది. జూన్ నెల, కిటికీ అవతల మంచు. సగం కరిగిన చెరువు, దానిమీద పగిలిన మంచుపలకలు, వాటి అంచున నీలం. ఆ నీలాన్ని ఏమంటారో ఆమెకి తెలుగులో మాట దొరకలేదు. మాట దొరక్కపోవడమే ఎంతో హాయిగా అనిపించింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎవరూ చూడకుండా అద్దానికి నుదురు ఆనించింది. చల్లగా ఉంది. పది నిమిషాలు ఆమె ఎవరికీ ఏమీ కాదు.

"ఇందిరా, మజ్జిగ తెచ్చేవా?"

సీసా మూత తీసి, గ్లాసు తుడిచి, మజ్జిగ పోసి ఇచ్చి తిరిగి చూసేసరికి రైలు గుహలో ఉంది. గుహ దాటేసరికి మళ్లీ చెట్లు వచ్చేశాయి.

బెర్గెన్‌లో వాన. ఎరుపూ పసుపూ చెక్క ఇళ్లు బస్సులోంచి కనిపించాయి. అక్కణ్ణుంచి చిన్న విమానంలో ఉత్తరాన కొసకి, సముద్రం ఒడ్డునున్న ఓ చిన్న ఊరికి వెళ్లారు. అక్కడ జూన్‌లో సూర్యుడు అస్తమించడు. ఆకాశంలో అడ్డంగా తిరుగుతాడు గానీ కిందకి దిగడు. సుబ్రహ్మణ్యానికి సంధ్యావందనం పెద్ద చిక్కయిపోయింది. ఇందిరకి మాత్రం చిక్కేమీ కనిపించలేదు. పొద్దు కుంకినా కుంకకపోయినా ఆమె పని అలాగే ఉంది.

అసలు చిక్కు దశమినాడు వచ్చింది. జ్యేష్ఠ శుద్ధ దశమి ఆమె మావగారి తిథి. ఆ రోజునే ఫియోర్డులోకి పడవ. పొద్దున్న పదింటికి బయల్దేరి మూడింటికి తిరిగొస్తుంది. సూర్యోదయమే లేని ఊళ్లో తిథి ఎలా పట్టుకోవాలని సుబ్రహ్మణ్యం పొద్దున్న ఆరింటికే ఇంటి పురోహితుడికి ఫోను చేశాడు. "పరదేశంలో ఉన్నప్పుడు మన ఊరి కాలవే ప్రమాణం బాబుగారూ. అమలాపురంలో పన్నెండున్నర అయ్యే వేళకి అక్కడ విస్తరి వెయ్యండి, నువ్వులూ నీళ్లూ వదలండి, చాలు," అన్నాడాయన.

సుబ్రహ్మణ్యం ఫోను పెట్టేసి, వేళ్లు మడిచి లెక్క కట్టాడు. "మనకీ వీళ్లకీ మూడున్నర గంటలు తేడా. పన్నెండున్నరకి మూడున్నర కలిపితే నాలుగు. నాలుగింటికి విస్తరి వెయ్యాలి. పడవ మూడింటికి వచ్చేస్తుంది. నేను దిగి స్నానం చేసేసరికి నువ్వు మడి కట్టుకుని వంట దింపేస్తే సరిపోతుంది."

ఇందిర గుండె దడదడలాడింది. ఎందుకంటే ఆ లెక్క తప్పు. తూర్పున పొద్దు ముందు వస్తుంది. అమలాపురంలో పన్నెండున్నర అయ్యేసరికి నార్వేలో ఇంకా పొద్దున్న తొమ్మిదే. మూడున్నర కలపకూడదు, తీసెయ్యాలి. తొమ్మిదో క్లాసు పాఠం. ఆమె ప్రతి ఏడూ బోర్డు మీద చేయించే లెక్క. తొమ్మిదింటికి విస్తరి వేసేస్తే పదింటికి ఇద్దరూ పడవలో ఉండొచ్చు.

"ఏవండీ, కలపకూడదేమోనండి. మనం తూర్పు కదా, మన టైము ముందు నడుస్తుంది. వీళ్లకి తొమ్మిదింటికే..."

పక్క గదిలో యాత్రవాళ్లున్నారు. తలుపు తెరిచి ఉంది. సుబ్రహ్మణ్యం మొహం ఎర్రబడింది. "బ్యాంకులో ముప్ఫయ్యయిదేళ్లు లెక్కలు చూసేను. నాకు కూడికలు నేర్పుతావా? మా నాన్న తద్దినం ఎప్పుడు పెట్టాలో నువ్వు చెప్పాలా?" అన్నాడు గొంతు తగ్గించి. గొంతు తగ్గించినప్పుడే ఆయనకి ఎక్కువ కోపం. తర్వాత కాస్త మెత్తబడి, గుమ్మంలో నిలబడి, చెప్పులేసుకుంటూ అన్నాడు. "అయినా నీకు తెలియందేవుంది అందులో, ముప్ఫయ్యేళ్లుగా చెబుతున్న పాఠవేగా. చూడనివాణ్ణి నేను."

ఆమె ఊరుకుంది. గోడకి గడియారం ఉంది, చేతిలో ఫోను ఉంది, రెండు నిమిషాల్లో నిరూపించొచ్చు. నిరూపిస్తే ఆయన చిన్నబోతాడు. చిన్నబోతే మిగతా నాలుగు రోజులూ ఆ మొహం చూడాలి. ఆయన మొహం చూడ్డమా, ఫియోర్డు చూడ్డమా? ఆడది ఇలాంటి తూకం వేసినప్పుడల్లా మొగ్గు ఎటు చూపుతుందో వేరే చెప్పాలా? పదింటికి పడవ కూత వినిపించింది. ఆమె తలస్నానం చేసి, బాత్రూం గోడకున్న వేడి కడ్డీల మీద మడిబట్ట ఆరేసుకుంది. ఆ వంటింటి కిటికీకి ఎదురుగా ఇంకో ఇంటి గోడ. బూడిదరంగు గోడ. ఆ రోజు ఐదు గంటలపాటు ఆమె ఆ గోడని చూసింది.

నాలుగింటికి విస్తరి పడింది. పిండం ముద్ద బయట రాయి మీద పెడితే తెల్లటి సముద్రపు కాకి ఒకటి వచ్చి ఒక్క గుటకలో మింగేసింది. "నాన్నగారు సంతోషించేరు," అన్నాడు సుబ్రహ్మణ్యం తృప్తిగా. అమలాపురంలో అప్పుడు సాయంత్రం ఏడున్నర. మావగారికి ఆ సంగతి తెలిసే ఉంటుంది, ఆయన పంచాంగకర్త కూడాను.

ఆ సాయంత్రం వీరవేణి వచ్చి తలుపు కొట్టింది. వీరవేణిది అంతర్వేది దగ్గర. మొగుడు పోయాక రొయ్యల చెరువులు తనే చూసుకుంటుంది. నార్వేవాళ్లు సముద్రంలో వలగూళ్లు కట్టి చేపలు ఎలా పెంచుతారో కళ్లారా చూడాలని ఒంటరిగా ఈ యాత్రకి వచ్చింది. ఏం పెడితే అది తినేది, ఎక్కడ చోటుంటే అక్కడ కూర్చునేది. జుట్టంతా గాలికి చెదిరి, బుగ్గలు కందిపోయి ఉన్నాయి.

"టీచరుగారండీ, మీరేంటండీ రాలేదు? అంతసేపూ మీకోసవే చూసేనండి నేను."

"మా మావగారి తిథి. వంట..."

"పొయ్యి చూడ్డానికి ఇంత దూరం వచ్చేరేంటండీ!" అని నవ్వబోయి, ఇందిర మొహం చూసి మానేసింది. చెక్కమెట్టు మీద పక్కన కూర్చుంది. "రెండేపులా కొండలండి, తలెత్తి చూత్తే మెడ నొప్పెట్టేత్తంది. మధ్యలో నీళ్లండి, మన గోదారి పాయంత. కానీ కదలవు. నేను పుట్టిందే నీళ్ల మీదండి, ఇలాంటి నీళ్లు ఎప్పుడూ చూళ్లేదు. ఒకచోట బోటు ఇంజను ఆపేసేడండి. ఆపేత్తే ఇంక ఏ చప్పుడూ లేదండి. నా ఊపిరి నాకు ఇనపడింది. ఎందుకో ఏడుపొచ్చేసిందండి టీచరుగారూ. అందరం నోరు మూసుకుని నిలబడిపోయేం. మీ ఆయనగారు కూడానండి."

ఇందిరకి ఆ మాటే తట్టుకోలేనిదైంది. ఆయన నోరు మూసుకుని నిలబడిన ఒకే ఒక్క చోటు ఈ భూమ్మీద ఉంది, అక్కడ తను లేదు.

తిరిగొచ్చాక ఇంటికి ఎవరొచ్చినా సుబ్రహ్మణ్యం ఫోను తీసి ఫోటోలు చూపించేవాడు. నాలుగువందల ఫోటోలు. ఇందిర ఉన్నవి మూడు, అందులో ఒకదాంట్లో అటు తిరిగి గిన్నె తోముతోంది. ఆయన ఫియోర్డు వర్ణించేవాడు, ఆమె కాఫీలు తెచ్చేది. కప్పులు అందిస్తూ ఆ నాలుగు వాక్యాలూ ఎన్నిసార్లు విందో! ప్రతిసారీ కొండలు కాస్త ఎత్తు పెరిగేవి.

అదీ భరించింది. భరించలేనిది ఆగస్టులో క్లాసులో జరిగింది. ఫియోర్డు పాఠం వచ్చింది. లక్ష్మీతులసి అని ఒక పిల్ల, మొదటి బెంచీలో కూర్చుంటుంది, కళ్లు పెద్దవి చేసుకుని అడిగింది. "మేడం, మీరు నిజంగా చూసొచ్చేరంట కదండీ. ఎలా ఉంటదండీ?" నలభై మంది పిల్లలు ఆమెకేసి చూశారు. ఇందిర నోట్లోంచి వీరవేణి మాటలు వచ్చాయి. రెండువైపులా కొండలు, కదలని నీళ్లు, చప్పుడు లేకపోవడం. పిల్లలు మైమరచి విన్నారు. ముప్ఫయ్యేళ్లు చూడకుండా చెప్పింది, ఏనాడూ సిగ్గుపడలేదు. ఆ రోజు మాత్రం బోర్డుకేసి తిరిగి చాలాసేపు తుడిచింది. తర్వాతి వారం టైము లెక్కలు. మనకి పన్నెండున్నరైతే నార్వేలో ఎంత అని ఇందిర అడిగింది. అదే పిల్ల బోర్డు దగ్గరికొచ్చి మూడున్నర తీసేసి 'తొమ్మిది' అని రాసి, "పడమరకి పోతే వెనక్కి కదండీ మేడం," అంది. పదమూడేళ్ల పిల్ల! ఎవరి మొహం చిన్నబోతుందోనన్న బెంగ ఇంకా పట్టుకోని పిల్ల.

ఖాళీ పీరియడ్ అయిపోవచ్చింది. కాగితం మీద కొట్టేసిన ఒక్క వాక్యం తప్ప ఏమీ లేదు. అప్పుడే ఫోను మోగింది. వీరవేణి.

"టీచరుగారండీ, జూన్ రెండోతారీకుని మళ్లీ ఎల్తన్నానండి. ఆ చేపల పెంపకం వాళ్లు రమ్మన్నారు. మా రేవోళ్లు ఇద్దరు ఆడోళ్లు కూడా వత్తన్నారు. అదే ఊరు, అదే బోటు. ఊరికే చెప్దావని చేసేనండి. మీకు కుదరదులెండి, ఇంటికాడ..."

కుదరదు. ఆ మాట ఎదుటివాళ్లే చెప్పేస్తారు, తన తరఫున. ఆమె క్షణంలో లెక్క వేసుకుంది. ఈసారి దశమి పదకొండు రోజులు ముందుకొస్తుంది, అంటే జూన్ మొదటివారంలోనే. బడికి వేసవి సెలవులు. పాస్‌పోర్టు బీరువాలో ఉంది, దానిమీద ఉన్నది తన ఒక్కదాని ఫోటోనే. ఆశ్చర్యంగా, గుండె దడదడలాడలేదు.

"కుదురుతుందండి," అంది.

"ఆయ్?"

"నా పేరు రాయించండి వీరవేణిగారూ. ఒక్క పేరే. వంట సామానేం తేను."

ఫోను పెట్టేశాక నాలుగు పేజీలూ ఆగకుండా వచ్చేశాయి. ఉన్నదున్నట్టు రాసింది. ఒక్క విశేషణం ఎక్కువ పడలేదు, ఒక్క నిష్ఠూరం లేదు. ఎప్పటిలాగే ఆయన 'నేను' గానే రాసింది. ఇంటికొచ్చి ఆయన బల్ల మీద పెట్టి, "ఓసారి చదువుకోండి," అంది. గురువారం చెప్పింది, శుక్రవారం చెప్పింది, శనివారం కూడా చెప్పింది. "నువ్వు రాసేవుగా, ఇంక చూసేదేవుంది?" అన్నాడు మూడుసార్లూ.

ఆదివారం సభకి అరవై మంది దాకా వచ్చారు. అధ్యక్షుడు అమ్మిరాజుగారు లెక్కల మాస్టారుగా చేసి రిటైరైన మనిషి. ఆడవాళ్లు వెనక వరసల్లో కూర్చున్నారు. ఇందిర ఈసారి ప్లేట్ల దగ్గరికి వెళ్లలేదు, కుర్చీలో కూర్చుంది. సుబ్రహ్మణ్యం కళ్లజోడు సర్దుకుని ఎత్తుకున్నాడు. రైలు ప్రయాణం, మంచుపలకలు, ఆ పేరులేని నీలం. సభ కదలకుండా వింది. "అబ్బ!" అన్నారెవరో. ఆయన గొంతు ఇంకాస్త లేచింది.

"...ఆ రోజు మా నాన్నగారి తిథి. అమలాపురంలో పన్నెండున్నర అయినప్పుడు విస్తరి వెయ్యాలి. పన్నెండున్నరకి మూడున్నర కలిపి, నార్వేలో నాలుగింటికి వెయ్యాలని నేను లెక్క కట్టాను. కలపకూడదు, తీసెయ్యాలి అని నా భార్య చెప్పింది. నాకు కూడికలు నేర్పుతావా అన్నాను."

ఆయన కనుబొమలు ముడిపడ్డాయి. కానీ గొంతు ఆగలేదు. ఎనిమిదేళ్ల సంత ఆగనివ్వదు.

"అందువల్ల ఫియోర్డు నేను చూశాను, ఆమె గోడ చూసింది. మా నాన్నగారికి ఆ రోజు ఏడు గంటలు ఆలస్యంగా భోజనం పెట్టాం. ముప్ఫయ్యేళ్లుగా ఆ పాఠం చెబుతున్నది ఆమె. నేను రాయించుకుని చదువుతున్న ప్రసంగాలన్నీ కూడా ఆమెవే. ఇది కూడా. ఫియోర్డు ఎలా ఉంటుందో ఈ ప్రసంగంలో లేదు. చూడనిది ఆమె ఇక రాయదు. జూన్‌లో వెళ్లి చూసి వచ్చి, ఈ సభలోనే తన నోటితో తానే చెబుతుంది."

కాగితం అయిపోయింది. ముందు వరసలో అమ్మిరాజుగారు, పాత అలవాటు, వేళ్లు మడుస్తున్నారు. మడిచి, తనలో తనే అనుకున్నట్టు, కానీ మైకు దగ్గర కావడాన అందరికీ వినబడేలా అన్నారు. "తొమ్మిదేనండి. అమ్మగారు చెప్పిందే కరెక్టండి."

వెనక వరసలో ఎవరో ఆడమనిషి చప్పట్లు కొట్టింది. ఒక్కతే. తర్వాత ఇంకొకరు. తర్వాత ఆ వరసంతా.

సుబ్రహ్మణ్యం కాగితం వెనక్కి తిప్పి చూశాడు, అక్కడేమైనా ఉందేమోనని. ఏమీ లేదు. అంతమంది తలల మీదుగా భార్యకేసి చూశాడు. ఆ మొహం చిన్నబోయింది. ముప్ఫయ్యేళ్లుగా ఏది చూడాల్సి వస్తుందోనని ఇందిర భయపడుతూ వచ్చిందో, అదే. చూసింది. చూస్తే ఏమీ కాలేదు. ఆయన మీద జాలి కూడా కలిగింది, కానీ ఆ జాలి ఆమెని కుర్చీలోంచి లేపలేదు.

"జూన్‌లోనా?" అన్నాడు చివరికి, మైకు ఉందని మర్చిపోయి. "జూన్‌లో నాన్నగారి తద్దినం కదా ఇందిరా! ఎలాగ మరి?"

ఇందిర కూర్చున్నచోటి నుంచే, బోర్డు దగ్గరికి వచ్చిన పిల్లలకి చెప్పే గొంతుతో చెప్పింది.

"ఈసారి లెక్కతో పనిలేదండి. అమలాపురంలో పన్నెండున్నర, పన్నెండున్నరకే అవుతుంది. వంట మీరు పన్నెండింటిలోగా దింపుకోండి, చాలు."